టీచర్ బొమ్మకు దండ

ఆ శనివారం పొద్దున హెబ్రోను వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారుతూనే బొమ్మలు గోడలకు తగిలించడం, టిఫిను తిని ఇందుకూరుపేట వెళ్లడం, రెజీనా టీచర్‌ను కారెక్కించుకుని బిట్రగుంట తీసుకురావడం, ఆమె చేత కొవ్వొత్తి వెలిగించి ప్రదర్శన మొదలుపెట్టించడం. "దీంట్లో తేడా రావడానికి సందే లేదు పుష్పా" అన్నాడు భార్యతో. పుష్పకుమారి కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంది. మొగుడు సందు లేదన్న ప్రతిసారీ ఆమె ముందుజాగ్రత్తగా ఆ పని చేస్తుంది.

ప్రదర్శన ఒక్కడిది కాదు, ఇద్దరిది. రెండోవాడు సుకుమార్. చోటు పాత రైల్వే కాలనీలోని ఇన్‌స్టిట్యూట్ హాలు. ఇద్దరూ చిత్రకారులే అని చెప్పడం తేలికే గానీ, ఉప్పూ చక్కెరా రెండూ తెల్లగానే ఉంటాయని చెప్పినట్టుంటుంది.

హెబ్రోను వేస్తే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. వాళ్ల నాన్న బొమ్మ వేసి ముందుగదిలో పెడితే పుష్పకుమారి నెలరోజులపాటు ఆ గదిలో కాళ్లు చాపుకుని కూర్చోలేకపోయింది. సుకుమార్ పద్ధతి వేరు. విడవలూరు దగ్గర వరిపొలాలున్న ఇంటి బిడ్డ, ఇప్పుడు నెల్లూరులో కాపురం. చెన్నైలోనూ హైదరాబాదులోనూ గ్యాలరీల వాళ్లు అతని బొమ్మలు పెడతారు. బొమ్మలో ఉన్నవాటిని ఒక్కొక్కటే తీసేస్తూ పోవడం అతని పని. మొదట మనుషుల్ని తీసేశాడు, తర్వాత చెట్లను, ఆ తర్వాత రంగుల్ని. ఈ ప్రదర్శనకు తెచ్చిన పెద్ద బొమ్మ పేరు 'రాకపోకలు'. గోడంత తెల్లటి కాన్వాసు మీద తెల్ల రంగుతోనే వేసిన రెండు గీతలు. పక్కనుంచి వెలుతురు పడితే కనబడతాయి, ఎదురుగా నిలబడితే కనబడవు. వాటికోసం ఎండాకాలమంతా ఫ్యాను కూడా వేసుకోకుండా కష్టపడ్డాడు.

వీళ్లిద్దరూ చిన్నప్పుడు రైల్వే స్కూల్లో ఒకే బెంచీ. సుకుమార్ మేనమామ రైలింజన్లో బొగ్గేసే ఫైర్‌మన్‌గా చేసేవాడు, ఆయన క్వార్టర్లో ఉండి చదువుకున్నాడు. అప్పట్లో ఊరి మీద ఎప్పుడూ బొగ్గుపొగ ఉండేది. ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. రెజీనా టీచర్ డ్రాయింగు పీరియడుకు పిల్లల్ని లోకోషెడ్డు దగ్గరికి నడిపించుకుపోయి నీడన కూర్చోబెట్టి, "ఇంజన్ని చూసి గీయండి" అనేది. హెబ్రోను ఇంజనుకున్న ప్రతి బోల్టూ గీసేవాడు. సుకుమార్ ఇంజన్ని వదిలేసి పొగ గీసేవాడు. టీచర్ ఇద్దరి పుస్తకాల్లోనూ కింద ఎర్రసిరాతో 'చూశాను' అని రాసి సంతకం పెట్టేది. బాగుందనో బాగాలేదనో ఆమె రాసిన పాపాన పోలేదు.

ఇప్పుడా షెడ్డు లేదు, ఆ ఇంజన్లూ లేవు. క్వార్టర్లలో సగానికి తలుపుల్లేవు, కొన్నింట్లో వంటగది గోడలోంచి రావిమొక్కలు మొలిచాయి. అయినా ఆ కాలనీవాళ్లు ఎక్కడున్నా రైలు కూత వినబడితే మాట ఆపి ఒక్క క్షణం చెవి అటు పెడతారు. హెబ్రోను ఆ ఊరు వదలలేదు. సుకుమార్ వదిలాడు గానీ, అతని తెల్ల బొమ్మ పేరు చూస్తే వదిలినట్టు అనిపించదు.

స్నేహం మాత్రం పదేళ్ల కిందటే చెడింది. ఎవరిదో పెళ్లి విందులో హెబ్రోను, "మా సుకుమార్ బొమ్మల్లో ఫ్రేము భలే ఉంటుంది" అన్నాడు. సుకుమార్ పెరుగన్నం కలుపుకుంటూ, "హెబ్రోను బొమ్మల కోసం అంతదూరం పోయేదెందుకు, ఆధార్ కార్డు చూసుకుంటే పోలా" అన్నాడు. ఆ పూట నుంచి మాటల్లేవు.

వీళ్లను మళ్లీ ఒకచోటికి చేర్చింది టీచర్ కళ్లు. ఆమెకిప్పుడు ఎనభై దగ్గరపడింది. ఇందుకూరుపేటలో అన్న కూతురు అబిగయీలు దగ్గర ఉంటోంది. నీటికాసులని, చూపు రోజురోజుకీ తగ్గుతుందని, చూడాల్సినవేమన్నా ఉంటే త్వరగా చూసుకోమని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి తెలిసి హెబ్రోను ఒకరోజు, సుకుమార్ ఇంకోరోజు, ఎవరికి వాళ్లు వెళ్లి తమ బొమ్మలు చూడటానికి రమ్మని బతిమాలారు. ఆమె ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది.

"ఒక్కొక్కడివి చూసేదానికి నాకు కళ్లు చాలవురా. ఇద్దరివీ ఒకచోట పెట్టండి. ఇద్దరూ కలిసొచ్చి పిలవండి, వస్తా. లేకపోతే నేను పోయినాక దండలు తీసుకోని కలిసి రండి, అప్పుడు కాదనేదానికి నేనుండను."

అందుకని పుష్పకుమారి మధ్యవర్తిగా నిలబడి ప్రదర్శన ఖాయం చేసింది. ఇద్దరికీ లోపల ఒకటే భయం. టీచర్ చూపు ఆరిపోయేలోగా తమ బొమ్మలు ఆమె చూడాలి.

హాలుకు కాపలా, అలంకరణ, కుర్చీలు వేయడం, తుడవడం అన్నీ పోలేరయ్యే. ఆయన పొద్దున్నే వచ్చి ఎర్రటివీ పచ్చటివీ సామియానా గుడ్డలు గోడలకు కట్టేశాడు. సుకుమార్ చూసి కెవ్వుమన్నంత పని చేశాడు.

"ఏంది పోలేరయ్యా ఇది? పెళ్లా? తెలుపు కావాల. గోడలకంతా తెల్లగుడ్డే."

"మొత్తం తెలుపేనా అయ్యా?"

"మొత్తం. మైకు వద్దు. పాటలొద్దు. వచ్చినోళ్లు కూడా మెల్లగా మాట్లాడాల. ఆ వాతావరణం ఉండాల."

పోలేరయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. తెల్లగుడ్డలు తెచ్చి కట్టాడు. ఈలోగా హెబ్రోను తన పెద్దబొమ్మను హాలు నడిమధ్యన స్టాండు మీద నిలబెట్టాడు. అది రెజీనా టీచర్ బొమ్మ. కళ్లజోడు మీద పడిన కిటికీ నీడతో సహా వేశాడు. ఎదురుగా నిలబడితే ఎక్కాలు అప్పజెప్పాలనిపిస్తుంది.

"నడిమధ్యన అది పెడితే నా బొమ్మ ఎవరికి కనబడుద్ది?" అని కారు డ్రైవరు గణేష్‌ను అడిగాడు సుకుమార్. హెబ్రోనును నేరుగా అడగడం కుదరదు కదా.

"ఎట్టా పెట్టినా కనబడదని చెప్పు గణేషూ" అన్నాడు హెబ్రోను.

గోడల పంపకం తేలేసరికి బయలుదేరాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది. చివరికి ఇద్దరూ వెనక సీట్లో చెరో కిటికీకి అంటుకుని కూర్చున్నారు. పుష్పకుమారి పూలబుట్ట తెచ్చి పోలేరయ్య చేతికిచ్చింది. "ఈ పెద్దదండ టీచరమ్మది. కొవ్వొత్తులు ఇందులోనే ఉండాయి. నేను ఇంటికి పోయి వంట చూసుకోనొస్తా" అని హడావుడిగా వెళ్లిపోయింది.

పోలేరయ్య ఒక్కడే మిగిలాడు. ఆ హాల్లో ఆయన ఇన్నేళ్లుగా రెండే రకాల కార్యక్రమాలు చూశాడు. రంగుగుడ్డలు, మైకు, పాటలు ఉంటే ఒక రకం. తెల్లగుడ్డలు, నిశ్శబ్దం, స్టాండు మీద పెద్దాళ్ల పటం ఉంటే రెండో రకం. మూడో రకం కార్యక్రమం ఒకటి లోకంలో ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పటం కేసి చూశాడు. చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర తనకు బిస్కెట్లు ఇచ్చిన టీచర్.

"ఒక్కమాట చెప్పొచ్చు కదా నాకు" అని గొణుక్కున్నాడు. తువ్వాలుతో పటానికున్న దుమ్ము తుడిచాడు, దుమ్ము లేకపోయినా. పెద్దదండ వేశాడు. టీచర్ చర్చికి వెళ్లే మనిషి కాబట్టి సాంబ్రాణి మానేసి అటొక కొవ్వొత్తి, ఇటొక కొవ్వొత్తి వెలిగించాడు. కుర్చీలు పటంవైపు తిప్పి వరసగా వేసి, గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేశాడు.

హాలు ఎదురుగా ముఖేష్‌కు సెల్‌ఫోన్ల కొట్టుంది. ఆ స్కూలు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపుకు పెద్ద కూడా అతనే. షట్టరు ఎత్తుతూ ఇటు చూశాడు. దండ, కొవ్వొత్తులు, తెల్లగుడ్డ, కళ్లు తుడుచుకుంటున్న పోలేరయ్య. ఇంకా అడగడానికేముంది? గేటు దగ్గరనుంచే ఫొటో తీసి, దండం పెట్టే చేతుల బొమ్మలు నాలుగు చేర్చి, 'మన రెజీనా టీచర్ ఇక లేరు. ఇన్‌స్టిట్యూట్ హాల్లో సందర్శన' అని గ్రూపులో పెట్టేశాడు. పెట్టాక కొట్టు మళ్లీ మూసేసి, అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. అతను చెడ్డవాడేమీ కాదు, కాస్త తొందర మనిషి అంతే.

కారులో ప్రయాణం ఇలా సాగింది.

"గణేషూ, ఆయన్ని కిటికీ అద్దం ఎత్తమను. దుమ్ము" అన్నాడు సుకుమార్.

"గణేషూ, గాలి లేకపోతే నాకు కడుపులో తిప్పుద్దని చెప్పు."

"గణేషూ, చిన్నప్పట్నించీ అంతేనని నాకు తెలుసని చెప్పు."

నెల్లూరు దాటేసరికి గణేష్ ఓపిక అయిపోయింది. "అన్నా, మీరిద్దరూ తెలుగే మాట్లాడుతుండారు. నేను మధ్యలో దేనికన్నా?" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ అతనితో కూడా మాట్లాడలేదు.

ఇందుకూరుపేటలో టీచర్ ఇంటికి తాళం వేసి ఉంది. హెబ్రోను ఫోన్ చేశాడు. ఇంటి లోపలే టీచర్ ఫోన్ మోగింది. తాళం వేసిన తలుపు వెనక స్తుతిగీతం మొదటినుంచి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకోబోయి, మాటల్లేవన్న సంగతి గుర్తొచ్చి తలుపు వైపు చూశారు.

పక్కింటి భానుప్రియ గోడమీదుగా తొంగిచూసింది. "టీచరమ్మ కోసమా అన్నా? ఇందాకే ఆటోలో ఎక్కించినారు. ఇద్దరు పట్టుకుంటేగానీ ఎక్కలేకపోయింది పాపం."

"ఎక్కడికమ్మా?"

"నెల్లూరుకనే చెప్పినట్టుండాది. నేను పొయ్యి మీద పాలు పెట్టున్నా, సరిగ్గా ఇన్లా."

టీచర్‌కు మోకాళ్ల నొప్పులని, ఆమెను ఏ ఆటోలోకైనా ఇద్దరు పట్టుకునే ఎక్కిస్తారని భానుప్రియకు తెలుసు. అది అందరికీ తెలిసిందే కదా అని చెప్పలేదు. సరిగ్గా అప్పుడే పుష్పకుమారి ఫోన్ చేసింది. వంటింట్లోనే ఉండి గ్రూపులో చూసిందట.

"ఏమండీ... టీచర్ పోయినారంట."

"ఎవరు చెప్పినారే?"

"గ్రూపులో వచ్చింది. మీరు యాడుండారు?"

"ఇంటి ముందరే ఉండాం. తాళమేసుంది. ఆటోలో తీసకపోయినారంట."

"అయ్యో, అయితే నిజమే!" అంది పుష్పకుమారి. ఆ వెంటనే గ్రూపులో రాసింది, 'మావారు టీచర్ ఇంటి దగ్గరే ఉన్నారు. వార్త నిజమే'. అంతవరకూ ఏడవాలా వద్దా అని ఆగిన కావలి వాళ్లూ నెల్లూరు వాళ్లూ ఆ మాటతో బయలుదేరారు. ఆ గ్రూపు తెరిచిన హెబ్రోను అందరూ బయలుదేరడం చూసి, వార్త నిజమేనని రూఢి చేసుకున్నాడు. ముఖేష్ పెట్టిన ఫొటో గేటు దగ్గర తీసింది కాబట్టి పటం గోరంత ఉంది, దండే పెద్దగా కనబడుతోంది. తను స్వయంగా గీసి, స్వయంగా స్టాండు మీద నిలబెట్టిన బొమ్మను చూసి తనే బావురుమన్నాడు. ఆ తర్వాత ఇద్దరి ఫోన్లూ ఆగకుండా మోగడం మొదలుపెట్టాయి. వినలేక ఆపేశారు.

మైపాడు వైపు నుంచి గాలి ఉప్పగా వస్తోంది. ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు. వాటిలో చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. "గణేషూ, ఆపు" అన్నాడు హెబ్రోను. దిగి గట్టు మీద కూలబడ్డాడు. యాభై దాటిన మనిషి, బట్టతల, పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సుకుమార్ కాసేపు కారులోనే కూర్చుని, తర్వాత దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏడవబాకరా" అన్నాడు. పదేళ్ల తర్వాత వాళ్లిద్దరి మధ్య నడిచిన మొదటి మాట అదే. అంటూనే అతనూ ఏడ్చాడు.

"గోడ కోసం పోట్లాడకుండా పొద్దున్నే బయల్దేరి ఉంటే చూసుండే వాళ్లం" అన్నాడు హెబ్రోను.

"నా వల్లే. తెల్లగుడ్డ, తెల్లగుడ్డ అని చంపినా."

"కాదులే, నడిమధ్యన పెట్టిందెవరు? నేను."

పది సంవత్సరాలుగా తప్పు నీదంటే నీదని తిరిగినవాళ్లు ఇప్పుడు నాదంటే నాదని లాక్కున్నారు. గణేష్ బీడీ ముట్టించుకుని వాళ్లకు వినబడనంత దూరం నడిచాడు. అతనికీ కళ్లు చెమర్చాయి.

"నీకొక మాట చెప్పాలరా" అన్నాడు హెబ్రోను ముక్కు తుడుచుకుంటూ. "నీ మీద నాకు కోపం ఆ పెళ్లిలో రాలేదు. ముందునుంచే ఉంది. నా పుస్తకం చూపిస్తే చాలు, 'సుకుమార్ పొగ చూసినావా? కళ్లు మండినట్టుండాది' అనేది టీచర్. ఎప్పుడు పోయినా నీ గొడవే. నువ్వంటేనే ఆమెకి ఇష్టం."

సుకుమార్ ఏడుపు ఆపి అతనివైపు చూశాడు. "ఏందీ? నాతో నీ గురించి చెప్పేదిరా! 'హెబ్రోను ఇంజను చూడు, చెయ్యి పెడితే కాలుద్ది' అనేది. నీ మాదిరి గీయలేననే కదా నేను ఒక్కొక్కటే తీసేసుకుంటా పోయింది."

రొయ్యల గుంటలో చక్రం తిరుగుతూనే ఉంది. ఎండ నెత్తిమీదికి వచ్చినా వాళ్లు గట్టు మీదనుంచి లేవలేదు. నలభై ఏళ్లుగా ఒకరి మీద ఒకరు పెట్టుకున్న అసూయంతా టీచర్ ఒక్కతే ఇద్దరికీ సమానంగా పంచి పెట్టిందని తెలిసేసరికి వాళ్లకు నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఇప్పుడు నిలదీయడానికి ఆమె లేదు కదా అని ఇంకొంచెం ఏడ్చారు.

నెల్లూరులో దండ కొన్నారు. మల్లెలు వద్దని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ వాసనకు టీచర్‌కు తలనొప్పి వచ్చేది. గులాబీల దండ ఒకటే తీసుకుని, అటు కొస ఒకరు, ఇటు కొస ఒకరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దారంతా ఒకళ్ల మాట ఒకళ్లు అందుకుంటూ ఆమె గురించే మాట్లాడుకున్నారు. చాక్‌పీసు ముక్కలు దాచుకున్న డబ్బా, చెవి మెలిపెట్టేటప్పుడు ముందు గాజులు వెనక్కి తోసుకోవడం, పాసింజరు రైలు పోతుంటే పెట్టెలకు చెయ్యి ఊపమనడం. గణేష్‌కు ఆ రోజు మొదటిసారి హాయిగా బండి తోలే వీలు దొరికింది.

హాలు ముందు చెప్పులు వీధిదాకా ఉన్నాయి. లోపల కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. బొమ్మల ప్రదర్శనకైతే ఇరవైమంది వస్తే గొప్ప అనుకున్నారు. సంతాపం అనేసరికి స్కూలంతా దిగింది. ఒక్కరూ మాట్లాడటం లేదు. అందరి మొహాలూ బిగుసుకుని ఉన్నాయి. దుఃఖం అనుకున్నారు ఇద్దరూ. దండ చెరోవైపు పట్టుకుని, తల దించుకుని, కుర్చీల మధ్యనుంచి నడిచారు. పటం దగ్గరికి వచ్చి తలెత్తి చూస్తే అది హెబ్రోను వేసిన బొమ్మే. "నా బొమ్మనే పెట్టినార్రా" అన్నాడు హెబ్రోను వెక్కుతూ. దుఃఖంలో కూడా ఒక పిసరు గర్వం ఉంది.

"ముందరిది తీసి వెయ్యండి. రెండు దండలు బరువు" అంది ముందు వరస కుర్చీలోంచి ఒక గొంతు.

హెబ్రోను చేతిలోంచి దండ జారింది. సుకుమార్ చేతిలో రెండో కొస అలాగే ఉండిపోయింది. కుర్చీలో రెజీనా టీచర్, పక్కన అబిగయీలు. టీచర్ ఒళ్లో సంచి, మొహాన అదే కళ్లజోడు, దానిమీద అదే కిటికీ నీడ.

"టీచర్..." అన్నాడు సుకుమార్. ఇద్దరూ ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయారు. హాలంతా ఒక్కసారిగా ఘొల్లుమని నవ్వింది. అంతసేపు బిగబట్టినవాళ్లు కుర్చీలు పట్టుకుని నవ్వారు.

జరిగింది అబిగయీలు చెప్పింది. "మీకోసం చూసి చూసి, 'ఇంకేం వస్తారు, దారిలోనే కొట్టుకోనుంటారు' అనింది అత్త. పాసింజరుకు పోదామని పట్టుబట్టింది. రైల్లోనే వస్తాననింది. ఫోన్ ఇంట్లోనే మర్చిపోయినాం."

వాళ్లు వచ్చేసరికి హాలు సగం నిండింది. చూపు ఆనక టీచర్ వెనక వరసలో కూర్చుంది. అందరి కళ్లూ పటం మీదే ఉన్నాయి, ఆమెను ఎవరూ గమనించలేదు. పక్కనున్నావిడను మెల్లగా అడిగింది. "ఎవరు పోయినారమ్మా?"

"రెజీనా టీచరు."

"ఓహో. ఎట్టాంటి మనిషి?"

"చెవి పట్టుకుంటే వదిలేది కాదు. అయినా ఆమె క్లాసులోనే కాసేపు బతికినట్టుండేది మాకు."

టీచర్‌కు ఏమి చేయాలో తోచలేదు. తను పోయానని చెబుతున్నవాళ్లు తన గురించి ఇంత మంచి చెబుతున్నారు, మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించింది. నోరు తెరవబోయిన అబిగయీలును మోచేత్తో పొడిచి ఆపింది. ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. ఆమె ఎవరెవరి గొంతో గుర్తుపట్టుకుంటూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ విన్నది. కొన్ని గొంతులు ముసలివైపోయాయి. ఆఖరున ముఖేష్ లేచి, డ్రాయింగులో తనకు టీచర్ మొదటి బహుమతి ఇచ్చిందని చెప్పి బోరుమన్నాడు. అక్కడ మాత్రం ఆమె ఊరుకోలేకపోయింది.

"అబద్ధం! నీకెప్పుడిచ్చినానురా? నువ్వు ఏనుగుని గీస్తే బస్సనుకున్నా" అని లేచి నిలబడింది.

పోలేరయ్య కిటికీలోంచి దూకాడు. మిగతావాళ్లు తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. ముఖేష్ కాళ్లమీద పడి, వెంటనే గ్రూపులో సవరణ పెడతానన్నాడు. పెట్టాడు కూడా. కానీ చూడవలసిన ఇద్దరూ ఫోన్లు ఆపేసుకున్నారు. వాళ్లు దండ కొనుక్కుని వస్తున్నారని పుష్పకుమారికి పూలకొట్టు దగ్గరనుంచి గణేష్ ఫోన్ చేసి చెప్పాడు. ఆమె నిజం చెప్పబోతే టీచర్ ఆపింది. "గమ్మునుండు. ఒక్కటే దండంట కదా. ఇద్దరూ కలిసొస్తారో లేదో చూద్దాం" అని ముందు వరసలోకి మారి కూర్చుంది. హాలంతటికీ అదే ఆజ్ఞ. ఆ గొంతుతో ఆ మాట అంటే యాభైయేళ్ల పిల్లలు ఎదురుచెప్పగలరా.

"నేను పోయినాక కలిసి రండన్నా. మాట నిలబెట్టుకున్నారు" అంది టీచర్ ఇప్పుడు, ఇద్దరి తలలమీదా చెయ్యి వేసి. "ఇంక చూపించండి. వెలుతురుండగానే చూడాల."

మొదట తన పటం దగ్గరికి వెళ్లింది. మొహం బొమ్మకు ఆనేంత దగ్గరగా పెట్టి, అంగుళం అంగుళం వెతుక్కుంటూ చూసింది.

"ముడతలన్నీ లెక్కపెట్టి వేసినట్టుండావు. సుకుమార్ అయితే ఇన్ని వెయ్యడు."

హెబ్రోను సుకుమార్ వైపు చూశాడు. సుకుమార్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు.

గోడల వెంట నిలబడ్డ జనం అప్పటికే మిగతా బొమ్మలవైపు తిరిగారు. ఇది మా క్వార్టరే అని ఒకరు, నీళ్లట్యాంకు మెట్లు చూడండి అని ఒకరు, మా అమ్మ ఇక్కడే పిడకలు కొట్టేదని ఇంకొకరు. హెబ్రోను వేసిన ప్రతి తలుపు దగ్గరా ఎవరో ఒకరు తమ ఇల్లు వెతుక్కుని నిలబడ్డారు.

తర్వాత 'రాకపోకలు' వంతు. అంత పెద్ద తెల్లటి కాన్వాసు, అదేమిటో చెప్పడానికి వేసినవాడు పక్కన లేకపోయె. సంతాపం రాయడానికే పెట్టారనుకున్నారు అందరూ. ముఖేష్ కొట్లోంచి నల్ల మార్కర్లు తెచ్చి పంచాడు. 'మా టీచర్ మళ్లీ పుట్టాలి', 'నా ఎడమచెవి మీకు రుణపడి ఉంది', 'షెడ్డు పోయింది, పొగ పోయింది, ఇప్పుడు మీరు', 'టీచర్, ఆ రోజు గంట కొట్టింది నేనే'. ఎండాకాలమంతా కష్టపడ్డ రెండు తెల్లగీతల మీద ఇప్పుడు జాగా లేదు.

"అన్నా, మాకు తెలీదు, ఖాళీగా ఉందనుకున్నాం" అన్నాడు ముఖేష్.

టీచర్ అబిగయీలు చెయ్యి వదిలి దగ్గరికి జరిగింది. పెద్దపెద్ద నల్ల అక్షరాలు. వేలితో ఒక్కొక్క వరసా తడుముతూ పైకి చదివింది. అన్నీ చదివింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆఖరికి వంగి, కాన్వాసు మీద చెంప ఆనించినట్టు పక్కనుంచి చూసింది. కిటికీ వెలుతురు అటునుంచే పడుతోంది.

"పట్టాలు" అంది మెల్లగా. "మన పట్టాలే కదరా ఇవి."

సుకుమార్ తల ఊపాడు. కళ్లల్లో నీళ్లు నిండి ఏమీ కనబడలేదు.

"హెబ్రోను అయితే ముసలిదానికి కనబడేట్టు గీసుండేవాడు" అంది టీచర్.

ఈసారి ఇద్దరూ ఆపుకోలేక పకపకా నవ్వారు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద నవ్వినట్టే, ఒకరి భుజం మీద ఒకరు వాలి. టీచర్ ఆ నవ్వు చప్పుడు వైపు మొహం తిప్పి వింటూ నిలబడింది.

"టీచర్, ఇవాళ తప్పించుకోలేరు" అన్నాడు హెబ్రోను. "ఊరంతా ఉంది. ఎవరిది బాగుందో చెప్పాల."

హాలు సద్దుమణిగింది. అప్పుడే కిటికీలోంచి మళ్లీ లోపలికి ఎక్కుతున్న పోలేరయ్య కూడా ఒక కాలు బయటే పెట్టుకుని ఆగాడు. టీచర్ చెయ్యి చాపింది. "ఎర్రది ఉందా?" అంది. చావుకు ఎర్రరంగు బాగుండదని ముఖేష్ జేబులోనే ఉంచేసిన మార్కరు తీసి ఇచ్చాడు. ఆమె పటం కింద అంచున ఒకసారి, తెల్ల కాన్వాసు కింద మూలన ఒకసారి, వంకర అక్షరాలతో 'చూశాను' అని రాసి సంతకం పెట్టింది.

బాగుందో లేదో ఈసారి కూడా రాయలేదు.